పాశమైలారంలో ఇంజిన్ పని

హైదరాబాద్ శివార్లలో, ముంబయి రోడ్డు మీద ఇస్నాపూర్ చౌరస్తాలో బస్సు దిగి పాశమైలారం రోడ్డెక్కారనుకోండి. రెండు పక్కలా మందుల ఫ్యాక్టరీలు, రేకుల షెడ్లు, వరసగా నిలబడ్డ ట్యాంకర్లు. షిఫ్టు మారే వేళకు చాయ్ బండ్ల దగ్గర ఒడియా, భోజ్‌పురి, తెలుగు కలగలిసిన గోల. రేసు కార్ల మాట ఉన్న బోర్డు మాత్రం ఎంత వెతికినా ఒక్కటీ కనబడదు. అయినా నేనొక మాట చెప్తాను. తక్కువ డబ్బుతో పాత ర్యాలీ కారుకు గట్టి ఇంజిన్ కట్టుకోవాలన్న పిచ్చి మీకు గనక ఉంటే, మన రాష్ట్రంలో ఇంతకంటే మంచి చోటు లేదు. ఎందుకంటారా? చెప్పడానికే కదా కూర్చున్నాను. మీరూ కాస్త తీరిక చేసుకోండి.

ముందు ఒక సంగతి తేల్చుకుందాం. పాత కార్లకు పూలదండలు వేసి ట్యాంక్‌బండ్ మీద ఊరేగించే ర్యాలీ కాదు ఇది. మామూలు జనాన్ని రానివ్వకుండా ఒక మట్టిరోడ్డు మూసేస్తారు. ఒక్కో కారును కొంత ఎడంతో వదులుతారు. పక్క సీట్లో కో-డ్రైవరు మలుపుల లెక్క చదువుతూ ఉంటాడు, డ్రైవరు తొక్కుతూ ఉంటాడు, బయట గడియారం తిరుగుతూ ఉంటుంది. మన దేశంలో హిమాలయన్ ర్యాలీ 1980లో మొదలైంది. కర్ణాటకలో కె-1000, మద్రాసు వాళ్ల సౌత్ ఇండియా ర్యాలీ, హైదరాబాద్‌లో చార్మినార్ ఛాలెంజ్, ఇలా ఎక్కడికక్కడ ఓ పోటీ ఉండేది. మారుతి జిప్సీ 1985లో వచ్చి, తర్వాత హరిసింగ్, లీలాకృష్ణన్, నరేన్ కుమార్ లాంటి వాళ్ల పేర్లు మోగిన కాలం వేరే కథ. అంతకుముందు ఆ మట్టిలో ఎక్కువగా దొర్లినవి మన ఇళ్ల ముందు నిలబడ్డ కార్లే: ఫియట్, అంబాసిడర్, స్టాండర్డ్ హెరాల్డ్. పొద్దున ఆఫీసుకు తీసుకెళ్లిన బండినే ఆదివారం పోటీకి దించిన రోజులవి.

డబ్బున్న వాళ్ల ఆటలో మనమేం చేస్తాం అంటారేమో. జోగీందర్ సింగ్ సంగతి వినండి. తూర్పు ఆఫ్రికాలో పెరిగిన సిక్కు, చేతికి గ్రీజు అంటిన మెకానిక్. 1965లో ఈస్ట్ ఆఫ్రికన్ సఫారీ ర్యాలీని తమ్ముడు జస్వంత్‌ను పక్కన కూర్చోబెట్టుకుని గెలిచాడు. ఆ వోల్వో పీవీ 544 సెకండ్‌హ్యాండ్ కారు! పెద్ద కంపెనీలు పంపిన కార్లు వెనకబడిన చోట అది ముందు నిలిచింది. మూడేళ్ల తర్వాత, 1968లో, లండన్ నుంచి ఢిల్లీ, బొంబాయిల మీదుగా సిడ్నీ దాకా సాగిన పోటీలోనూ అంతే. ఆండ్రూ కోవన్ గెలిచింది హిల్‌మన్ హంటర్ అనే నిమ్మకు నీరెత్తినట్టుండే సంసారి కారుతో. ఆ రెండు ఇంజిన్లూ గొప్ప బలమైనవేం కావు. చివరిదాకా తిరుగుతూనే ఉన్నాయి, అంతే.

ఇక మన ఫియట్. కంపెనీ దాన్ని డిలైట్ అంది, ప్రెసిడెంట్ అంది, 1970ల్లో ప్రీమియర్ పద్మిని అంది. మనవాళ్లు మాత్రం చివరిదాకా ఫియటే అన్నారు. ఇంజిన్ 1089 సీసీ. బోరు 68 మిల్లీమీటర్లు, స్ట్రోకు 75. క్రాంకు మూడు మెయిన్ బేరింగుల మీద తిరుగుతుంది, వాల్వులను పుష్‌రాడ్లు లేపుతాయి, హెడ్ అల్యూమినియం. కంపెనీ నుంచి వచ్చినప్పుడు నలభై చిల్లర హార్స్ పవర్. దీన్ని అరవై దాకా తీసుకెళ్తే ర్యాలీకి సరిపోయే ఇంజిన్ అయినట్టే. ఆ పైన వచ్చే ప్రతి హార్స్ పవరూ జేబుకు చిల్లు పెడుతుంది, ఇంజిన్ ఆయుష్షు కోస్తుంది.

ఆ ఇరవై ఎక్కడి నుంచి వస్తాయి? అంబాసిడర్‌ను చూస్తే తెలుస్తుంది. దాని పాత పెట్రోలు ఇంజిన్ 1489 సీసీ, బ్రిటన్‌లోని బీఎంసీ వాళ్ల బి-సిరీస్. 1950ల్లో అదే బోరు, అదే స్ట్రోకున్న ఇంజిన్‌ను బీఎంసీ వాళ్లు ఎంజీఏ అనే స్పోర్ట్స్ కారులోనూ పెట్టి 70 హార్స్ పవర్ దాకా లాగారు. మన అంబాసిడర్ ఏమో 50 దగ్గర తచ్చాడింది. తేడా సీసీలో లేదు; హెడ్‌లో ఉంది, కంప్రెషన్‌లో ఉంది, క్యామ్‌లో ఉంది, జంటగా పెట్టిన ఎస్‌యూ కార్బొరేటర్లలో ఉంది. ఇంజిన్ ఎంత గాలి పీల్చి, దాన్ని ఎంత గట్టిగా నొక్కుతుందన్నదే లెక్క. కొత్త దిమ్మ కొననక్కర్లేదు. ఉన్నదాన్ని సరిగ్గా కొలిచి, సరిగ్గా కోయాలి.

పాశమైలారం గొప్పతనం అక్కడే బయటపడుతుంది. కోయడం, కొలవడం, అతకడం, అతుకు నిలిచిందో లేదో చూడటం, ఈ ప్రాంతం బతుకే దాని మీద. మందుల ఫ్యాక్టరీకి రియాక్టరు చేసేవాడు వెల్డింగ్‌లో వెంట్రుకంత చీలిక ఉన్నా ఒప్పుకోడు. ఒప్పుకుంటే ఏమవుతుందో ఇక్కడ అందరికీ తెలుసు. రామచంద్రాపురంలో బీహెచ్‌ఈఎల్, బాలానగర్‌లో 1968 నుంచి ఉన్న టూల్ డిజైన్ సంస్థ, సికింద్రాబాద్‌లో గ్రైండింగ్ మిషన్లు తయారుచేసిన ప్రాగా టూల్స్. వీటి చుట్టూ రెండు మూడు తరాల ఫిట్టర్లు, టర్నర్లు తయారయ్యారు. అలాంటి వాళ్లు పెట్టుకున్న చిన్న షెడ్లు బాలానగర్ నుంచి పటాన్‌చెరు దాకా ఉన్నాయి. వాళ్లకు కారు ఇంజిన్ల మీద ప్రత్యేకంగా మోజేమీ ఉండదు. పంపు షాఫ్టు తెచ్చినా, ఫియట్ క్రాంకు తెచ్చినా వాళ్లకు ఒకటే: ఎంత సైజు, ఎంత టాలరెన్సు, ఎప్పటికి కావాలి. మనక్కావలసింది సరిగ్గా ఆ మనిషే.

బోరు కొలిచే చోట నిలబడి చూడండి. బ్లాకును బల్ల మీద పెట్టి, బోర్ గేజ్‌ను సిలిండర్‌లోకి దించుతారు. పై అంచుకు దగ్గర ఒకసారి, నడుమ ఒకసారి, కింద ఒకసారి. మళ్లీ గేజ్‌ను అడ్డంగా తిప్పి అవే మూడు చోట్ల. డయల్ మీద ముల్లు ఊగి ఆగుతుంది. పెద్దాయన కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి, సుద్దముక్కతో బ్లాకు మీదే అంకెలు రాస్తాడు. పై రింగు తిరగబడే చోట అరుగుదల ఎక్కువ. పిస్టన్ గోడకు ఒరిగే వైపు ఇంకా ఎక్కువ. అంకెలన్నీ చూసి, "సార్, గిది కోడిగుడ్డు లెక్క అయింది. రింగులు మారిస్తే ఏం ఫాయిదా? బోరింగ్ కొట్టాల్సిందే" అంటాడు. "అయితే కొట్టెయ్ అన్నా" అని తొందరపడితే ఊరుకోడు. "ముందుగాల పిస్టన్లు తే. పిస్టన్ చూసి బోరు కొడతా గానీ, బోరు చూసి పిస్టన్ ఎట్ల దొరుకుతది?"

ఆ మాటలో సగం విద్య ఉంది. పెట్టె మీద ఓవర్‌సైజు అంకె ఒక్కటే ఉన్నా, నాలుగు పిస్టన్లూ మైక్రోమీటరు కింద నాలుగు రకాలుగా ఉంటాయి. ఒక్కొక్క పిస్టన్‌ను కొలిచి, దాని సిలిండర్‌ను దానికే కోసి, నంబరు కొట్టి పెట్టాలి. ఇక బోరు పెంచితే సీసీ పెరిగి పవర్ దూకుతుందని ఆశపడేవాళ్లకు ఒక లెక్క: 68 మిల్లీమీటర్లను 68.8 చేస్తే 1089 సీసీ కాస్తా 1115 అవుతుంది. పెరిగింది రెండు శాతం చిల్లర. బోరింగ్‌తో వచ్చే లాభం సీసీ కాదు, గుండ్రం. గుండ్రంగా ఉన్న సిలిండర్‌లో రింగు ఒత్తిడిని వదలదు, ఆయిల్‌ను పైకి రానివ్వదు.

క్రాంకులోనూ హెడ్‌లోనూ పగుళ్లు ఉన్నాయేమో చూడటానికి పెద్ద ల్యాబ్ అక్కర్లేదు. ఈ షెడ్లలో డీపీ టెస్టు అంటారు. మూడు డబ్బాల పని. ఒకదానితో శుభ్రంగా తుడుస్తారు. రెండోదాంతో ఎర్ర రంగు కొట్టి కాసేపు ఆగి, పైపైన ఉన్నది తుడిచేస్తారు. మూడోది తెల్లపొడి. పగులు ఉంటే, లోపల దాక్కున్న ఎరుపు తెలుపు మీదికి సన్నని గీతలా పాకుతుంది. రియాక్టరు వెల్డింగుల కోసం ఇక్కడ రోజూ చేసే పరీక్షే ఇది. మన హెడ్‌కు అయ్యే ఖర్చు ఒక పూట హోటల్ భోజనం ఖర్చును పెద్దగా మించదు. ఆ ఎర్ర గీత ముందే కనబడితే, మిగతా ఖర్చంతా మిగిలినట్టే.

అలాగే బ్యాలెన్సింగ్. బ్లోయర్ ఫ్యాన్లను, మోటారు రోటర్లను బ్యాలెన్సు చేసే మిషన్ ఉన్నచోట క్రాంకును ఫ్లైవీల్‌తో కలిపి పెట్టించుకోవచ్చు. నాలుగు పిస్టన్లు, నాలుగు కనెక్టింగ్ రాడ్లు తూచడానికైతే పటాన్‌చెరులో బంగారం షాపు కాటా చాలు. అన్నిటికంటే తేలికైనది ఏదో చూసి, మిగతా మూడిటినీ దాని బరువుకు తేవాలి. బరువు తీసేది మాత్రం రాడ్‌కు బలమైన చోట కాదు, అందుకని వదిలిన దిమ్మె దగ్గరే. ఇక సైలెన్సర్ పైపులంటారా, ఫార్మా లైన్లలో స్టీలు పైపులు అతికే ఆర్గాన్ వెల్డర్ల కంటే పనిమంతులు ఎక్కడుంటారు? మిగిలిపోయిన బెండ్లు, తుంటలు తూకానికి దొరుకుతాయి. ఎగ్జాస్టు పోర్టులు విడివిడిగా ఉన్న హెడ్ అయితే, 1-3-4-2 వరసలో పేలే ఇంజిన్‌లో ఒకటినీ నాలుగునూ ఒక జత, రెండునూ మూడునూ ఇంకో జత చేసి, చివరకు రెండు జతలనూ ఒక్క గొట్టంలో కలపాలి. జతలోని రెండూ సరిగ్గా ఒక చుట్టు తేడాతో ఊదుతాయి కాబట్టి ఒకదాని పొగ ఇంకొకదానికి అడ్డం రాదు. నడుమ వేగాల్లో లాగుడు పెరుగుతుంది, మట్టిరోడ్డు మీద మనక్కావలసింది అదే.

అసలు పవర్ ఉండేది హెడ్‌లో. ఒక్కో సిలిండర్ 272 సీసీ గాలి మింగుతుంది. పిస్టన్ పైకి వచ్చాక ఆ పైన మిగిలే చోటు 43 సీసీ అనుకుందాం. 272కు 43 కలిపి 43తో భాగిస్తే కంప్రెషన్ 7.3. అదే చోటును 34 సీసీకి తగ్గిస్తే 9. హెడ్ కిందివైపు ఎంత కోస్తే తొమ్మిది సీసీ తగ్గుతుందో తెలియాలంటే కొలవాలి. హెడ్‌ను బోర్లా తిప్పి, వాల్వులు, ప్లగ్గు బిగించి, చాంబరు మీద చిన్న చిల్లు ఉన్న మందపాటి ప్లాస్టిక్ షీటును గ్రీజుతో అతికించండి. కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో వాడే బ్యూరెట్‌తో కిరోసిన్ చుక్క చుక్కగా వదలండి. చివరి బుడగ చిల్లులోంచి బయటికొచ్చిన క్షణం అంకె రాసుకోండి. నాలుగు చాంబర్లకూ నాలుగు అంకెలు వస్తాయి; అవి సమానంగా ఉండవు. పెద్దదాన్ని తగ్గించలేం కాబట్టి చిన్నవాటిని గీకి దాని సాటికి తెచ్చాకే హెడ్ ఫేసింగ్‌కు పంపాలి. ఈ పని ఇంట్లో, రాత్రిపూట, రూపాయి ఖర్చు లేకుండా అయిపోతుంది. ఓపిక ఒక్కటే పెట్టుబడి.

వాల్వు సీటు కూడా అంతే. ఒక్క 45 డిగ్రీల కోత బదులు పైన 30, కింద 60 కలిపి మూడు కోతలు వేయించండి. గాలి ఆ అంచు మీద జారుతుంది. పోర్టు లోపల పోత గరుకు, మెట్లు తీసేయండి. అద్దంలా మెరిపించాలని మాత్రం కష్టపడకండి. ఇంటేక్ గోడ నున్నగా మెరిస్తే పెట్రోలు తడి దానికి అంటుకుని ధారగా కారుతుంది. కాస్త గరుకుంటేనే తిరిగి గాలిలో కలుస్తుంది.

క్యామ్ దగ్గరే కుర్రాళ్లు ఎక్కువ ఆశపడతారు. వాల్వు ఎక్కువసేపు తెరిచి ఉంచే క్యామ్ పెడితే పై వేగాల్లో ఎగురుతుంది, కింద నీరసిస్తుంది. బురద మలుపులోంచి సెకండ్ గేర్‌లో లాగాల్సిన కారుకు ఆ నీరసం పనికిరాదు. తేలికపాటి క్యామ్, తొమ్మిది దగ్గర కంప్రెషన్, జెట్లు సరిగ్గా చూసుకున్న ఒక్క కార్బొరేటరు. బడ్జెట్ మనిషికి ఈ మూడూ చాలు. జంట వెబర్ కార్బొరేటర్లు చూడముచ్చటగా ఉంటాయి గానీ, వాటి ధరతో మిగతా ఇంజిన్ పనంతా అయిపోతుంది.

పెట్రోలు కూడా ఇప్పుడు మారిపోయింది. 2025 నాటికే బంకుల్లో ఎక్కువగా 20 శాతం ఇథనాల్ కలిసినదే దొరుకుతోంది. పాత ఫియట్ పంపు డయాఫ్రం, రబ్బరు పైపులు దానికి ఓర్వవు. కొత్త రకం రబ్బరు వేయాల్సిందే. ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి అదే జెట్‌తో మిక్చరు పలచబడుతుంది. మెయిన్ జెట్ పెంచి, గట్టిగా తోలి, వెంటనే ఆపి ప్లగ్గు తీసి చూడండి. బిస్కెట్ రంగుంటే సరే, తెల్లబడితే పిస్టన్‌కు ప్రమాదం, మసి పడితే డబ్బు పొగ. ఇంకో పక్క ఇథనాల్ వల్ల ఆక్టేన్ పెరిగి నాకింగ్ తగ్గుతుంది, పెంచిన కంప్రెషన్‌కు అది మనకు కలిసొచ్చేదే.

ఫిల్టరు సంగతి మరిచిపోకండి. లక్డారం క్రషర్ల వైపు ఒకసారి బండి తీసుకెళ్లి వస్తే తెలుస్తుంది దుమ్మంటే ఏమిటో. అందం కోసం ఫిల్టరు తీసేసి కార్బొరేటరు నోరు తెరిచి పెట్టేవాళ్లు ఒకే ఒక్క పోటీ కోసం ఇంజిన్ కడుతున్నట్టు. కొత్తగా హోనింగ్ చేసిన సిలిండర్ గోడను ఆ రాతిపొడి సాన పట్టేస్తుంది.

"ఇంత బాధెందుకయ్యా, జిప్సీ ఇంజిన్ దించి పెట్టేస్తే పోలా?" అని మీలో ఒకరు ఈపాటికి అనుకునే ఉంటారు. పోతుంది, నిజమే. జిప్సీ కింగ్‌లోని 1298 సీసీ ఇంజిన్ కారు పొడవునా కూర్చుంటుంది, దాని గేర్‌బాక్సు వెనక చక్రాల వైపే చూస్తుంది, చివరి ఇంజెక్షన్ రకం 80 హార్స్ పవర్ ఇస్తుంది. ప్రీమియర్ వాళ్లు 1985లో తెచ్చిన 118ఎన్‌ఈలో 1171 సీసీ నిస్సాన్ ఇంజిన్ ఇంకా మేలు. ఐదు మెయిన్ బేరింగులున్న ఆ జాతి ఇంజిన్లు రేసుల్లో ప్రపంచమంతా పేరు తెచ్చుకున్నాయి. ఆ నిస్సాన్ కంపెనీ ఈ ముంబయి రోడ్డుకూ కొత్తది కాదు. హైదరాబాద్ ఆల్విన్ వాళ్లు 1980ల్లో దానితో కలిసి జహీరాబాద్‌లో చిన్న లారీలు చేశారు, తర్వాత ఆ ఫ్యాక్టరీ మహీంద్రా చేతికి వెళ్లింది.

కానీ రెండు చిక్కులు. పాత కార్ల తరగతిలో పోటీకి దిగితే ఇంజిన్ ఆ కారుదే అయ్యుండాలని నిబంధన ఉంటుంది. పోటీ పత్రం ముందే చదువుకోవాలి. రెండోది, 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్. అనుమతి లేకుండా ఇంజిన్ మార్చిన బండి రోడ్డెక్కకూడదు. పోటీ స్టేజీ మూసిన రోడ్డే గానీ, ఒక స్టేజీ నుంచి ఇంకో స్టేజీకి వెళ్లేది మామూలు రోడ్డు మీదే. మార్చాలనుంటే ముందు ఆర్టీవో ఆఫీసుకు వెళ్లి అడగండి, తర్వాత ఇంజిన్ దించండి.

చివరగా తిరుగుడు సంగతి. 75 మిల్లీమీటర్ల స్ట్రోకు ఇంజిన్ నిమిషానికి 6000 చుట్లు తిరిగితే పిస్టన్ సగటు వేగం సెకనుకు 15 మీటర్లు. అంబాసిడర్ స్ట్రోకు 88.9, అదే తిరుగుడుకు దాదాపు 18 మీటర్లు. అందుకే ఫియట్ కాస్త ఎక్కువ తిరగడానికి ఒప్పుకుంటుంది. కానీ పిస్టన్‌ను ఆపి వెనక్కి లాగే బలం తిరుగుడుకు వర్గంలో పెరుగుతుంది. 5000 నుంచి 6000కు వెళ్తే తిరుగుడు ఐదో వంతే పెరిగినా ఆ బలం 44 శాతం పెరుగుతుంది. ఆ బరువంతా మోసేది వేలెడంత బోల్టులు.

కాబట్టి నా తీర్పు ఇదీ. మీ మేనమామగారి గ్యారేజీలో టార్పాలిన్ కింద ఫియట్ ఉంటే తూకానికి అమ్మేయకండి. మొదటి డబ్బుతో మైక్రోమీటరు కొనండి, రెండో డబ్బు బోరింగ్‌కూ బ్యాలెన్సింగ్‌కూ పెట్టండి, మెరిసే సామాను ఇంకో ఏడాది ఆగినా పర్వాలేదు. పిస్టన్ల దగ్గర బేరం ఆడండి, స్టీలు తుంటల దగ్గర ఆడండి, లేత్ అన్నతో చాయ్ తాగుతూ కూలి దగ్గరా ఆడండి. కనెక్టింగ్ రాడ్ బోల్టుల దగ్గర మాత్రం వద్దు. ఆ ఎనిమిదీ కొత్తవే వేయండి.